మూడో ఈల తర్వాత

నూజెండ్ల,
8 జూలై 2024.

అమ్మాయ్ గోపికా,

నీ ఉత్తరమూ, దాని వెంట ఒక నల్లపెట్టే అందాయి. పెట్టె విప్పగానే మీ అమ్మమ్మ గురవమ్మ, "బీపీ మిషనా? నాకేం రోగం!" అని చేతులు వెనక్కి దాచుకుంది. అది శబ్దాలు పట్టే రికార్డరని అరిచి చెప్పాను. అరిచానని నాకెలా తెలిసిందంటే, పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. చెవిటివాడికి తన గొంతు ఎంత ఎత్తున ఉందో పక్కింటివాళ్ల మొహాలే చెప్పాలి.

నీ పని ఏమిటో ఇన్నాళ్లకు కాస్త బోధపడింది. బెంగళూరులో నాట్యం చేసే ఆ మాచర్ల పిల్ల మిస్బా చేతులకీ కాళ్లకీ సెన్సర్లు కడతావు. ఆ పిల్ల చెయ్యెత్తితే నీ ల్యాప్‌టాప్‌లో ఒక శబ్దం పుడుతుంది, కాలు దించితే ఇంకొకటి. వెనక తెరమీద బొమ్మలు కూడా ఆ పిల్ల కదలికను బట్టే మారతాయి. పాట ముందే కట్టి ఉండదు. ఆ పూట ఆ పిల్ల ఎలా ఆడితే నువ్వు అప్పటికప్పుడు అలా కడతావు. అంతేనా? అయితే నాకొక భయం ఉంది. ముప్పైయొక్క ఏళ్లు కొండమీద రాయి పేల్చే తూటాలకు తీగలు కట్టినవాణ్ణి. తీగ ఒక కొస మనిషి ఒంటికీ, రెండో కొస బ్యాటరీకీ అంటే నాకు అన్నం సయించదు. ఆ పిల్ల వాళ్లమ్మకు ఈ సంగతి తెలుసా?

ఇక నువ్వడిగిన కొండ శబ్దాలు. సుత్తుల మోత ఇప్పుడు లేదు, అంతా మిషన్లే. కాని ఈల ఉంది. రాయి పేల్చేముందు బ్లాస్టరు మూడు ఈలలు వేస్తాడు. మొదటిదానికి పని ఆపాలి. రెండోదానికి కిందికి దిగాలి. మూడోదానికి ఎక్కడివాడు అక్కడ బండచాటున కూర్చోవాలి. ఇక ఎవరూ నోరు తెరవకూడదు. మూడో ఈల తర్వాత ఇరవై లెక్కపెడితే తూటా పేలుతుంది. నా హయాంలో ఇరవై ఒకటి ఎప్పుడూ రాలేదు. ఆ ఇరవైలో కొండమీద కాకి కూడా అరవదు. అప్పట్లో నాకు చెవులుండేవి కనక సాక్ష్యం చెప్పగలను.

ఫోన్‌లో చెప్తే నాకు వినపడదు, అందులోని అక్షరాలు కంటికి చీమల్లా ఉంటాయి. ఏ మీట ఎటు తిప్పాలో కాగితం మీద రాసి పంపు.

నోరు తప్ప అన్నీ మెత్తబడ్డ మీ తాత,
బ్రహ్మాజీ.


బెంగళూరు,
15 జూలై.

తాతయ్యా,

తీగలు లేవు. మళ్లీ రాస్తున్నా, తీగలు లేవు. సెన్సరు చేతిగడియారం అంత ఉంటుంది. మిస్బా వాళ్లమ్మకు అంతా తెలుసు. నీ భయం చదివి వినిపిస్తే మిస్బా పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ తాతకు చెప్పు, మాది మాచర్ల. షాకు కొడితే మేం తిరిగి కొడతాం" అంది.

నా భయం వేరు. సెప్టెంబరు 14న ప్రదర్శన. ఇన్నాళ్లూ వేరేవాళ్ల దగ్గర చేశాను, నా పేరు మీద వేదిక ఎక్కడం ఇదే మొదటిసారి. నిన్న రిహార్సల్లో ఎడమకాలి సెన్సరు రెండు నిమిషాలు పలకలేదు. మిస్బా గెంతుతూనే ఉంది, గదిలో చప్పుడు లేదు. సగం పని మిషన్లదే అయినా, ఏ శబ్దం పెంచాలో, ఏది తుంచాలో, ఏది మిస్బా మీద బరువైపోతోందో అప్పటికప్పుడు నా రెండు చెవులే తేల్చాలి. వేరే ఆధారం లేదు.

నువ్వు రాసిన ఆ ఇరవై లెక్క! అదే నాకు కావాలి. మూడు ఈలలు, ఆ ఇరవై, ఆ తర్వాత తూటా. ఆ ఇరవైలో మిస్బా కదలకుండా నిలబడుతుంది. ఉత్త నిశ్శబ్దం నా దగ్గర బోలెడుంది. కొండ ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం కావాలి.

రికార్డరు పక్కనున్న చక్రాన్ని సగం దగ్గర ఉంచు. అంతకు మించి తిప్పకు. ఎర్రదీపం వెలిగితే ఎక్కువైనట్టు లెక్క.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరాల్లో అసలు సంగతి మూడు ఊళ్లు తిరిగొస్తుంది. నాకది ఇష్టమే. కాని పనిలో ఉంటే సగం చదివి, మిగతాది తీరిగ్గా అన్నం తినేటప్పుడు చదువుకుందామని దాచుకుంటున్నాను. అసలు సంగతి కాస్త ముందు రాయవూ?

నీ గోపిక.


నూజెండ్ల,
25 జూలై.

గోపికా,

అసలు సంగతి ముందు రాయమన్నావు. రాస్తున్నాను. రికార్డరులోంచి తీసిన కార్డు ఈ కవరులోనే ఉంది. అయిపోయింది. ఇక అది ఎలా తయారైందో వినాలిగా.

కొండకు వెళ్లడానికి నేను తెల్లచొక్కా వేసుకుంటే మీ అమ్మమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పెళ్లికా, కొండకా?" అంది. రికార్డింగుకు అన్నాను. "దాంట్లో బొమ్మ పడదుగా, పాతది ఏసుకో" అంది. ఆమె చెప్పింది సబబే. అయినా తెల్లదే వేసుకున్నాను.

ఇప్పటి బ్లాస్టరు వెంకట్ మంచివాడు. నా ఎదురుగా నిలబడి పెదాలు సాగదీసి మాట్లాడతాడు, ఒక్క ముక్క పోదు.

"ఏంది పెద్దాయనా, మళ్లీ పన్లోకొచ్చినావా?"

"లేదురా. మా మనవరాలు నీ ఈల అడిగింది."

"నా ఈలా? ఏం జేసుకుంటదంట?"

"బెంగుళూరులో డాన్సుకు వాడుద్దంట."

వాడు ఈలను జేబులోంచి తీసి ఇటూ అటూ తిప్పి చూసుకుని చొక్కాతో తుడిచాడు. "ముందే చెప్తే కొత్తది తెచ్చేవాణ్ణి గదా" అన్నాడు.

తూటాల పెట్టె చూస్తే నా చదువు గుర్తొచ్చింది. నేను బడికి పోలేదని నీకు తెలుసు. ఆ పెట్టెల మీది రాతలు చూసే అక్షరాలు కూడబలుక్కున్నాను. నేను మొదట చదివిన తెలుగు మాట 'ప్రమాదం'. రెండోది 'పొగ తాగరాదు'. దాన్ని బీడీ నోట్లో పెట్టుకునే చదివాను. అర్థమయ్యాక కూడా బీడీ పారెయ్యలేదు, చదువొచ్చిన సంతోషంలో ఇంకొక దమ్ము లాగాను. మా మేస్త్రీ చూసి తన్నాడు. చదువుకు పడ్డ తన్ను అదొక్కటే.

ఇది నాలుగో పేజీ అనుకుంటాను. కొండ దిగువన అందరూ చేరే బండచాటుకే నేనూ చేరి, నువ్వు పంపిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదటి ఈల వినపడలేదు. చక్రం సగంలో ఉంటే ఎలా వినపడుతుందని కొసాకి తిప్పాను. రెండోది దోమ అన్నంత వినపడింది. గోపికా, పన్నెండేళ్ల తర్వాత ఒక ఈల విన్నాను. ఎర్రదీపం వెలిగిందో లేదో చూడలేదు, కళ్లు మూసుకుని ఉన్నాను.

మూడో ఈల పడ్డాక పిచ్చియ్య మేకలు ఎక్కడినుంచో బండల మీదికి వచ్చాయి. వెంకట్ చెయ్యెత్తి ఆపేశాడు. నోరు తెరవకూడదు కనక పిచ్చియ్య తువ్వాలు ఊపుకుంటూ వాటి వెంట పడ్డాడు, పదిమంది చేతులతోనే అతనికి దారి చెప్తున్నారు. ఆ కాసేపూ కొండంతా నా భాషలోనే మాట్లాడింది. అవి దిగేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. మళ్లీ మొదటినుంచి ఈలలు వెయ్యాలి, వెంకట్ వెయ్యకుండానే పేల్చాడు. నా హయాంలో నా కింద పనివాడు అలా చేస్తే చెంప పగలగొట్టేవాణ్ణి. కాబట్టి ఈ కార్డులో ఇరవై లెక్క లేదు. నాలుగు నిమిషాలు ఏమీ ఉండదు, ఉండి ఉండి ఒక్కసారిగా పడుతుంది. చూసుకో.

చాలించమని మీ అమ్మమ్మ దీపం తీసేసినంత పని చేస్తోంది.

నీ సౌండు మాస్టరు,
బ్రహ్మాజీ.


బెంగళూరు,
3 ఆగస్టు.

తాతయ్యా,

కార్డు అందింది. బాగుంది. పని ఎక్కువగా ఉంది, పెద్దగా రాయలేను. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఒకటి అడగాలి. నీకు చెవి మొట్టమొదట చెడినప్పుడు ఎలా ఉండేది? ఏ చెవి? లోపల ఏమైనా మోత ఉండేదా? ఉంటే ఎన్నాళ్లకు పోయింది? ఊరికే, మా పాటలో వాడుకుందామని.

ఇవన్నీ అడిగానని అమ్మతో చెప్పకు, నవ్వుతుంది.

గోపిక.


నూజెండ్ల,
7 ఆగస్టు.

గోపికా,

బాగుంది అని ఒక్క మాట రాశావు. తెల్లచొక్కా వేసుకుని పోయినవాడికి ఒక్క మాటేనా? శబ్దం చాల్లేదేమోనని నా అనుమానం. వచ్చేవారం వెంకట్ మళ్లీ పేలుస్తాడట. ఈసారి ఇంకా దగ్గర్నుంచి పట్టి పంపిస్తాను.

చెవి సంగతి అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నువ్వొక్కదానివే. పాటలోకి ఎక్కుతుందంటే చెప్పనా మరి! మొదట ఎడమది. ఒకరోజు తూటా కాస్త దగ్గరగా పేలింది. దూది కుక్కినట్టు అయింది, లోపల గుయ్యిమని సన్నటి మోత మొదలైంది. మేస్త్రీకి చెప్తే పన్లోంచి తీసేస్తాడని చెప్పలేదు. ఎవరేం మాట్లాడినా నవ్వేవాణ్ణి. నవ్వితే జవాబు చెప్పక్కర్లేదు, ఎదుటివాడు సంతోషిస్తాడు. అలా ఒకాయన తన తండ్రి పోయాడని చెప్తుంటే కూడా నవ్వాను. ఆయన నాతో మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినపడేది కాదు, ఆ లెక్కన ఇద్దరికీ నష్టం లేదు.

మోత ఆరు నెలలకు దానంతటదే పోయింది. మీ పాటకు చివర్లో అలా పోయినట్టు పెట్టుకో, వినేవాళ్లకు ప్రాణం కుదుటపడుతుంది.

మీ పాటలో పాత్రధారి,
తాతయ్య.


బెంగళూరు,
10 ఆగస్టు.

తాతయ్యా,

ఇంకో రికార్డింగు పంపకు. దయచేసి పంపకు. శబ్దం తక్కువై కాదు.

నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆగస్టు 1న నీ కవరు వచ్చింది. ఉత్తరం మూడు పేజీలు చదివి, బీడీ దగ్గర నవ్వుకుని, మిగతాది తర్వాత చదువుదామని పక్కన పెట్టి కార్డు పెట్టుకున్నాను. హెడ్‌ఫోన్లలో మూడు ఈలలు విన్నాను. ఇరవై లెక్కపెట్టాను. ముప్పై, నలభై. తూటా రాలేదు, నువ్వు ముందే రికార్డరు ఆపేశావనుకున్నాను. అంతలో ఎక్కడో, చాలా దూరాన, చిన్న గంట మోగింది. మేక మెడలోదని అప్పుడు తెలియదు. ఎంత బాగుందో! అదేమిటో విందామని పెంచాను. ఇంకా పెంచాను. కొసాకి పెంచాను.

అప్పుడు పేలింది.

ఎడమ చెవిలో దూది. లోపల మోత. నాలుగో పేజీ మూడు రోజుల తర్వాత చదివాను. నీ తప్పు కాదు. సగం చదివి పక్కన పెట్టింది నేను.

ఇంతవరకు ఎవరికీ తెలియదు. నిన్న మిస్బా, "శబ్దాలన్నీ సూదుల్లా పెడుతున్నావేందే, నా చెవులు కోస్తున్నై" అంది. ఎడమపక్క సన్నటివి నాకు వినపడక, వినపడేదాకా పెంచుతున్నాను. కావాలనే పెట్టాను, కళ నీకు అర్థం కాదు అన్నాను. తను బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. సారీ చెబుతూ మెసేజ్ పెట్టాను, ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్తే ఆపేద్దామంటుంది.

నీకు ఆరు నెలల్లో పోయిందని చదివాక ధైర్యం వచ్చింది. ఇంకెంత, ముప్పై అయిదు రోజులు. ప్రదర్శన అయిన మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్తాను. అమ్మకు చెప్పనని మాటివ్వు.

గోపిక.


నరసరావుపేట బస్టాండు,
14 ఆగస్టు, సాయంత్రం నాలుగు.

గోపికా,

పొద్దున నీ ఉత్తరం చేరింది. చదివి, చెప్పులేసుకుని బస్సెక్కాను. ఇక్కడ ఒక చెవుల డాక్టరమ్మ ఉంది, చిన్నపిల్ల, నీ ఈడే. నాకు వినపడదని కాగితం మీద రాసి అడిగింది.

ఏ చెవి అని రాసింది. ఎడమది అన్నాను. లైటు వేసి నా ఎడమ చెవిలోకి వంగింది. "అది కాదమ్మా, ఆ చెవి బెంగుళూరులో ఉంది" అన్నాను. కలం ఆపి, పక్కనున్న నర్సుకేసి చూసింది. ముసలాడికి చెవులతో పాటు ఇంకేదో కూడా పోయిందనుకుని ఉంటుంది. నీ ఉత్తరం చూపించాను. చదివింది. ఎన్నాళ్లయింది అని రాసింది. పదమూడు రోజులు అన్నాను. ఆ పిల్ల మొహం మారిపోయింది. 'రెండు వారాల్లోపు మందు పడితే కొంతైనా తిరిగి రావచ్చు. తర్వాత చెప్పలేం. రేపు సెలవు. ఇవాళే వెళ్లమనండి' అని రాసి, ఇవాళే కింద రెండు గీతలు గీసింది.

ఉత్తరం నీకు చేరడానికి మూడు రోజులు. మీ అమ్మకు చెప్పనని నువ్వు మాట అడిగావు. అందుకని ఆస్పత్రి వరండాలో నిలబడి నేనే నీకు ఫోన్ చేశాను. పన్నెండేళ్లలో మొదటిసారి. ఫోన్ చెవిదగ్గర పెట్టుకోలేదు, ఎదురుగా పట్టుకుని చూశాను. అంకెలు పరిగెత్తడం మొదలుపెట్టాయి. అంటే ఎవరో ఎత్తారు. నువ్వో కాదో, వింటున్నావో లేదో, నువ్వేమన్నావో నాకేం తెలుసు? చెప్పాల్సింది చెప్పాను. నువ్వు ఎత్తకపోయి ఉంటే ఇదిగో మళ్లీ.

ఆరు నెలలకు పోయిందని రాసింది అబద్ధం. పాట కోసం అడిగావు కదాని మంచిగా ముగించాను. నాది పోలేదు. చెప్పకుండా దాచాను కనక ఎడమ తర్వాత కుడి కూడా పోయింది. నాలాగా నవ్వుతూ కూర్చోకు. ఇవాళే వెళ్లు.

నాలుగుసార్లు అదే చెప్పాను. వరండాలో అందరూ లేచి నిలబడ్డారు, అంత అరిచానన్నమాట. నిమిషమున్నరకు అంకెలు ఆగిపోయాయి. నువ్వు పెట్టేశావో, లైను పోయిందో.

బస్సు వచ్చింది.

తాత.


బెంగళూరు,
30 ఆగస్టు.

తాతయ్యా,

ఎత్తింది నేను కాదు, మిస్బా. రిహార్సల్ మొదలుపెట్టబోతున్నాం, నా చేతులు మిషన్ల మీద ఉన్నాయి. తాతయ్య అని పేరు చూసి తనే ఎత్తి స్పీకర్‌లో పెట్టింది. నీ గొంతుకు గది దద్దరిల్లింది. లైట్లవాళ్లు, తెరమీద బొమ్మలు వేసేవాళ్లు, తెలుగు రానివాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మిస్బా మొత్తం విన్నది. తర్వాత సెన్సర్లు ఒక్కొక్కటే విప్పి నా ముందు పెట్టింది.

"చెవిటోడు మీ తాత కాదే, నువ్వు! నాకు చెప్పడానికి ఏమైందే నీకు?"

"ప్రదర్శన..."

"ప్రదర్శన లేదు, దోశా లేదు. చెప్పులేసుకో."

నాట్యం బట్టల్లోనే నన్ను ఆటోలో పడేసి తీసుకెళ్లింది. అయిదున్నరకు డాక్టరు చూశాడు. మాత్రలు, చెవిలోకి సూదులు. అమ్మకు నేనే చెప్పాను.

నిన్న పరీక్ష చేశారు. మాటలు, మద్దెల, వాన అన్నీ ఎడమపక్క తిరిగొచ్చాయి. గజ్జెలు రాలేదు, పిట్టలు రాలేదు. ఇక రాకపోవచ్చన్నారు. రెండు నెలలు పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలి. సెప్టెంబరు 14 పోయింది, ఆరోజు వేరేవాళ్లు ఆడతారు. నా బదులు ఇంకొకరిని పెట్టుకోమని నిర్వాహకులు మిస్బాను అడిగారు. తను ఒప్పుకోలేదు. డిసెంబరులో ఇస్తామంటున్నారు, చూడాలి. కుడిచెవితో, సగం ఎడమచెవితో పాట ఎలా కట్టాలో మళ్లీ నేర్చుకోవాలి. వస్తుందో రాదో తెలియదు.

మోత మాత్రం ఉంది. తగ్గింది గాని పోలేదు, పోదేమో అన్నారు. గది ప్రశాంతంగా ఉంటే అదొక్కటే వినిపిస్తుంది, భయమేస్తుంది. నీకు ఎలా అలవాటైంది?

పదహారు రోజులుగా నీ ఉత్తరం లేదు. అమ్మమ్మకు ఫోన్ చేస్తే, "మీ తాతకు ఏమైందోనే! మాట్లాడటంలా. నోట్లో నాలిక లేనోడి మాదిరి కూర్చుంటన్నాడు. నాకు దిగులుగా ఉంది" అంది. నామీద కోపమా?

గోపిక.


నూజెండ్ల,
4 సెప్టెంబరు.

గోపికా,

అలవాటు కాలేదు.

యాభై ఏళ్లయింది. బయటి శబ్దాలు ఒక్కొక్కటే వెళ్లిపోయినా ఆ మోత మాత్రం సొంతింట్లోలా కూర్చుంది. కాని మాట్లాడుతున్నంతసేపూ అది నక్కి ఉంటుంది. నా గొంతు నాకు వినపడకపోయినా ఎముకల్లో కదులుతుంది కదా, ఆ కదలిక కింద అణుగుతుంది. ఈ కిటుకు తెలిశాక నేను నోరు మూసుకోలేదు. బస్సులో పక్కవాడితో, టీకొట్టులో ముక్కూమొహం తెలియనివాడితో, ఎవరూ దొరక్కపోతే గేదెతో మాట్లాడాను. బ్రహ్మాజీకి కబుర్లంటే ప్రాణమని ఊరంతా అనుకుంది. నీకు ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా పెదాలు కదుపుతూనే రాస్తాను. అందుకే అవి అంత పొడుగు.

నీమీద కోపం కాదు. చెప్పాల్సిన జాగ్రత్త అడుగున పెట్టి పైన కబుర్లు పరిచినవాణ్ణి నేను. మాట్లాడే అర్హత లేదనిపించి ఊరుకున్నాను. ఈ ఇరవై రోజులూ ఆ మోతా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం.

నీకు భయమేసినప్పుడల్లా మిస్బాతో చెప్పు. విసుక్కున్నా చెప్పు. ఎలా చెప్పాలో నాకూ తెలియదు, నిన్ననే మొదలుపెట్టాను. నీ ఉత్తరం చదివాక మీ అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. పెళ్లయి నలభై తొమ్మిదేళ్లు, ఈ మోత సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అంతా చెప్పాను. చేట పక్కన పెట్టి నాకు పెదాలు కనపడేలా తిరిగింది.

"ఏందీ? ఇన్నేళ్లూ నా బుర్ర తిన్నది అందుకా?"

"అందుకే."

"పెళ్లైన కొత్తల్లో కూడానా? నామీద మోజు కొద్దీ చెప్తన్నావు అనుకున్నా గదయ్యా, ఆ కబుర్లన్నీ!"

"అదీ ఉంది."

"నోర్ముయ్."

దగ్గరికి జరిగి, జ్వరం చూసినట్టు నా ఎడమ చెవి మీద చెయ్యి పెట్టింది.

"ఇప్పుడూ మోగుతందా?"

తల ఊపాను.

"సరే, మాట్లాడు. ఇంటా."

నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు గోపికా. ఆమె చెయ్యి తియ్యలేదు. అలాగే కూర్చున్నాం. పప్పు సగమే ఏరింది, మధ్యాహ్నం అన్నంలో పంటి కింద రాళ్లు తగిలాయి. రాళ్లు కంచం అంచున పెట్టుకుంటూ ఇద్దరం తిన్నాం.

తాతయ్య.